రెబెక్కమ్మవ్వ కంప్యూటరుకు కుట్టిన కోటు

సూళ్లూరుపేట రైలుగేటు అవతల రెబెక్కమ్మవ్వ దగ్గర బట్టలు కుట్టించుకున్న వాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. అవ్వ కుట్టిన చొక్కా బిగుతైతే తప్పు చొక్కాది కాదు. అవ్వది అంతకన్నా కాదు. వేసుకున్నవాడు లావెక్కాడు, అంతే.

మాంసం కొట్టు హజరత్తయ్య ఒకసారి ప్యాంటు చంకన పెట్టుకొని వచ్చాడు.

"రెబెక్కమ్మక్కా, నడుం కాడ గుండీ పట్టడంలా. కొలత తప్పినట్టుండాది."

అవ్వ కళ్లజోడు ముక్కు కొసకు జార్చి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"కొలత తప్పేదానికి నేనేమన్నా నిన్న మొన్న కత్తెర పట్టినదాన్నా? పొద్దున్నే నువ్వు తినే తునకలు ఎన్ని? అవన్నీ యాడికి పోతాయనుకున్నావు?"

హజరత్తయ్య సిగ్గుపడి ప్యాంటు అక్కడే వదిలి, వారం రోజులు స్టేషను దాకా నడక నడిచాడు. ఆ వారంలో అవ్వ నడుము కుట్టు విప్పి, అంగుళం వదిలి, మళ్లీ కుట్టి, ఇస్త్రీ చేసి మడత పెట్టింది. ఆయన వచ్చి వేసుకొని చూస్తే గుండీ హాయిగా పట్టింది. "చూసినావా, నడిస్తే తగ్గినావు" అంది అవ్వ. హజరత్తయ్య ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు.

నలభై ఏళ్లలో అవ్వ ఇట్లా ఎంతమందిని సన్నబరిచిందో ఆమెకే తెలియదు. తప్పు దిద్దడంలో అవ్వకు వంక పెట్టలేం. ఒప్పుకోవడం దగ్గరే నోరు పెగలదు.

అటువంటి అవ్వ ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. కొడుకు సుశీల్ కుమార్ రొయ్యల గుంటల దగ్గర కరెంటు పని చేస్తాడు. కోడలు డెబోరా డిగ్రీ చదివి, ఆసుపత్రుల కాగితాలు చూసి జబ్బులకు కోడ్లు వేసే పని నేర్చుకుంది. ఆ పని ఇంట్లో కూర్చొని చేయవచ్చని, దాని కోసం సుశీల్ కుమార్ కంప్యూటరు తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. పక్కన నల్లటి పెట్టె, దాని మొహం మీద గుండ్రటి బటన్.

అవ్వ ఆ పెట్టెను చూసి మొహం చిట్లించింది. ఆ ఇంట్లో ఒంటి మీద గుడ్డ లేని వస్తువు లేదు. మిక్సీకి గౌను, ఫ్రిజ్జుకు నెత్తిన ముసుగు, టీవీకి లేసు తెర, ఆఖరికి గ్యాస్ సిలిండరుకు కూడా కుచ్చుల పావడా. శనివారం సాయంత్రం గృహ ప్రార్థనకు సంఘం ఆడవాళ్లు ఇరవైమంది వచ్చి కూర్చునే గదిలో ఇంత పెట్టె దిసమొలతో నిలబడితే ఎట్లా?

పాస్టరు గారి చొక్కాలు కుట్టగా మిగిలిన తెల్ల పాప్లిన్ ఉంది. అవ్వ టేపు తీసి పెట్టెకు మనిషికి తీసినట్టే కొలతలు తీసింది. భుజాలు, ఛాతీ, పొడవు. మూడు రోజులు కూర్చొని కోటు కుట్టింది. పైనుంచి తొడగడానికి వీలుగా, వెనక వైర్లు బయటికి రావడానికి చీలిక, గాలి ఆడటానికి జాలీ, మొహం మీద లిల్లీ పూల అల్లిక, బటన్ బయటికి కనబడటానికి గుండ్రటి కాజా. ఆ కాజా చుట్టూ పట్టు దారంతో ఎంత దగ్గరగా కుట్టిందంటే బటన్‌కూ గుడ్డకూ మధ్య వెంట్రుక దూరదు.

ఇక ప్రతి శనివారం మధ్యాహ్నం కోటుకు స్నానం. ఉతికి, చిక్కటి అన్నం గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే పెట్టెకు తొడిగేది. ఒంటి మీదే ఆరితే కొలత నిలుస్తుందని అవ్వ పద్ధతి. సాయంత్రానికి కోటు అట్టలా బిగుసుకొని నిలబడేది. సంఘం ఆడవాళ్లు పాట పాడుతూ ఒక కన్ను దాని మీదే వేసేవాళ్లు. "దొర మాదిరి ఉండాదమ్మా" అని మగ్దలీనమ్మ అంటే, అవ్వ ఆమెన్ కొంచెం గట్టిగా చెప్పేది.

కోటు వచ్చిన మొదటి వారంలోనే కంప్యూటరుకు రోగం వచ్చింది.

బటన్ నొక్కితే ఫ్యాను గిర్రుమనేది, దీపం వెలిగేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టేలోగా చచ్చిపోయేది. మళ్లీ నొక్కితే ఒక్కోసారి ఆ మాత్రం ప్రాణం కూడా ఉండేది కాదు. మూడు రోజులు అట్లా సతాయించి, బుధవారానికి ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. శనివారం దాకా బంగారంలా పనిచేసేది. ఆదివారం మళ్లీ మొదలు.

"అది ఓల్టేజీ సమస్య" అన్నాడు సుశీల్ కుమార్. "గుంటల్లో గాలి కొట్టే ఏరేటర్లు తిరిగేటప్పుడు మన లైనుకు కరెంటు యాడ మిగులుద్ది?" అని స్టెబిలైజరు తెచ్చి పెట్టాడు. స్టెబిలైజరు మాత్రం ఏ రోజూ మొరాయించలేదు.

స్టేషను రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే రూఫస్ దగ్గరికి పెట్టెను స్కూటరు మీద ఒళ్లో పెట్టుకొని తీసుకుపోయారు. పోయే ముందు అవ్వ కోటు విప్పి లోపల దాచింది. "ఆ అబ్బయ చేతులు నల్లంగా ఉంటాయి. తెల్ల గుడ్డ మాసిపోద్ది" అంది. రూఫస్ వైరు తగిలించి బటన్ నొక్కాడు. కంప్యూటరు చక్కగా లేచింది. పదిసార్లు ఆపాడు, పదిసార్లు లేచింది.

"దీనికేమీ రోగం లేదు సుశీలన్నా" అన్నాడు రూఫస్. ఊరికే పంపడానికి మనసొప్పక లోపల దుమ్ము ఊది, మెమరీ కార్డు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. "ఉప్పు గాలికి పాచి పడతాదిలే" అన్నాడు. ఇంటికి తెచ్చారు. అవ్వ కోటు తొడిగింది. విప్పి మడిచి మళ్లీ తొడిగేసరికి గంజి విరిగి గుడ్డ మెత్తబడింది. ఆ వారమంతా కంప్యూటరు పనిచేసింది. మెచ్చుకోలు రూఫస్‌కు దక్కింది.

తరువాతి వారం మళ్లీ పడకేసింది. ఈసారి రూఫస్ లోపలున్న బిళ్ల బ్యాటరీ మార్చాడు. ఆ తరువాత కరెంటు డబ్బా మార్చాడు. ఏది మార్చినా ఆ వారానికి బాగుండేది. మార్చకుండా చెయ్యి పెట్టినా బాగుండేది. రూఫస్ చెయ్యి తగిలితే చచ్చిన మిషన్లు లేస్తాయని రైలుగేటు అవతల పేరొచ్చింది. మగ్దలీనమ్మ తన ఇంట్లో ఆగిపోయిన గోడ గడియారాన్ని కూడా ఒకసారి తాకిపొమ్మని అడిగింది.

డెబోరా చదువుకున్న పిల్ల. సంఘం వాళ్లిచ్చిన వాక్యాల క్యాలెండరు మీద పనిచేసిన రోజు టిక్కు, చేయని రోజు ఇంటూ పెట్టడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి, రూఫస్ చెయ్యి పడని వారాల్లో ఆది, సోమ, మంగళ వరసగా ఇంటూలే.

"చూడత్తా, వారాలు లెక్కపెట్టుకొని మరీ చస్తా ఉండాది."

"ఆదివారం విశ్రాంతి దినం గదమ్మే. నీకన్నా దానికే భక్తి ఎక్కువ."

"మరి సోమవారం, మంగళవారం?"

"పండగ మరుసటి రోజు నువ్వు మాత్రం తొందరగా లేస్తావా?"

డెబోరా నవ్వి, కాస్త జంకుతూ, "ఆ గుడ్డ తీసి చూద్దామా అత్తా? గాలి తగలడంలేదేమో" అంది.

అంతే. అవ్వ రెండు రోజులు మాట్లాడలేదు. కాఫీ ఇచ్చేది, గ్లాసు చప్పుడయ్యేలా పెట్టేది. మూడో రోజు నోరు విప్పి, "వెనక జాలీ పెట్టినా. నీ రవికెకు కూడా అంత గాలాడదు" అంది. కోటు మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో డెబోరాకు చెన్నై కంపెనీ ఒకటి పరీక్ష పెట్టింది. ఇంట్లోనే, కెమెరా ముందు, గదిలో ఒక్కతే కూర్చొని రాయాలి. ఫోనులో కుదరదు. వాళ్ల ప్రోగ్రాము ఏ కంప్యూటరులో ఎక్కించారో ఆ కంప్యూటరులోనే రాయాలి. పరీక్ష సోమవారం పది గంటలకు. ఆ సోమవారం కంప్యూటరు నాలుగు లెక్కపెట్టి చచ్చిపోయింది. డెబోరా ఫోను చేసి బతిమాలితే, వచ్చే సోమవారం ఇంకొక్కసారి రాయనిస్తామని, ఆ తరువాత అడగవద్దని చెప్పారు.

డెబోరా ఏడవలేదు. ఫోను పెట్టేసి, క్యాలెండరు మీద ఆ రోజుకు ఇంటూ పెట్టింది. పెళ్లయి వచ్చిన నాలుగేళ్లలో ఆ పిల్ల తనకోసం అడిగింది ఆ ఉద్యోగం ఒక్కటే. అది అవ్వకు తెలుసు. తెలుసు గనకే ఆ వారమంతా కోడలి పళ్లెంలో రొయ్యలు ఎక్కువ పడ్డాయి.

సుశీల్ కుమార్‌కు ఒక ఉపాయం తట్టింది. "శుక్రవారం లేచిన దాన్ని ఆపకుండా సోమవారం దాకా అట్టనే ఉంచుదాం. నిద్రపోతే గదా లేవకపోయేది!"

ఉపాయం బాగుంది. శుక్రవారం నుంచి కంప్యూటరు మేలుకొనే ఉంది. శనివారం మధ్యాహ్నం డెబోరా కూరగాయలకు పోయింది. సుశీల్ కుమార్ గుంటల దగ్గర ఉన్నాడు. అవ్వ కోటును చూసింది. వారం రోజుల కోటు, మెడ దగ్గర కాస్త మాసింది. ఈరోజు పాస్టరు గారు స్వయంగా వచ్చి కంప్యూటరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానన్నారు. మాసిన కోటు మీద ఆయన చెయ్యి ఎట్లా పెట్టిస్తుంది? ఒక్క నిమిషం పని అనుకుంది. వైర్లు లాగింది. కోటు విప్పింది. కోడలి పరీక్ష గదా అని ఈసారి గంజి రెండింతలు పెట్టి, తొడిగి, వైర్లు మళ్లీ తగిలించింది.

సాయంత్రం పాస్టరు గారు కోటు మీద చెయ్యి పెట్టి దీర్ఘంగా ప్రార్థించారు. చెయ్యి తీశాక గంజి అంటిన వేళ్లు ఒకసారి చూసుకున్నారు. అందరూ పోయిన తరువాత డెబోరా తెర నల్లగా ఉండటం చూసింది.

"అత్తా, ఆగిపోయిందే! ఎవరు ఆపినారు?"

"కరెంటు పోయి వచ్చిందమ్మే" అంది అవ్వ, చాప చుడుతూ.

ప్రార్థన చేసిన చాప ఇంకా పూర్తిగా చుట్టకముందే ఆడిన అబద్ధం అది. డెబోరా బటన్ నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆదివారం కూడా అదే తంతు. రూఫస్ గూడూరులో పెళ్లికి పోయాడు, సోమవారం పొద్దున గాని రాడు.

సోమవారం తొమ్మిదిన్నరకు సుశీల్ కుమార్ రూఫస్‌ను పట్టుకురావడానికి స్కూటరు తీశాడు. డెబోరా తల దువ్వుకొని, మంచి చీర కట్టుకొని, కెమెరాలో కనబడటానికి బొమ్మలా తయారై ఉంది. బటన్ ముప్ఫైసార్లు నొక్కి, ముప్ఫైయొకటోసారి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దులే అత్తా. నాకు రాసిపెట్టి లేదు" అని మొహం కడుక్కోవడానికి దొడ్లోకి పోయింది.

ముందు గదిలో అవ్వ, కంప్యూటరు ఇద్దరే మిగిలారు.

అవ్వ ఇంతవరకు ఆ బటన్ ఒక్కసారి కూడా నొక్కలేదు. అది చదువుకున్నవాళ్ల పని అనుకునేది. ఇప్పుడు కుర్చీ లాక్కొని కూర్చొని, కళ్లజోడు సవరించుకొని, బొటనవేలితో నొక్కింది. ఫ్యాను గిర్రుమంది. అవ్వ వేలు తీసింది. వేలు వచ్చింది గాని బటన్ రాలేదు.

నలభై ఏళ్లు గుండీలను కాజాల్లోంచి దూర్చిన వేలు అది. చీకట్లో కూడా ఏ గుండీ పట్టిందో, ఏది ఇరుక్కుందో చెప్పగలదు. వంగి చూసింది. గంజి పెట్టి అట్టలా ఆరిన కాజా అంచు, లోపలికి పోయిన బటన్ మీదికి పళ్లు బిగించినట్టు పట్టుకొని ఉంది. బటన్ వదలకుండా నొక్కి పడితే ఆగిపోయే పెట్టె అది; వదలమని నాలుగు లెక్కపెట్టి, వదలకపోయేసరికి చచ్చిపోయింది.

అవ్వ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఆది, సోమ, మంగళ. శనివారం గంజి. బుధవారానికి మెత్తబడటం. రూఫస్ దగ్గరికి పోయేటప్పుడు కోటు విప్పి పంపడం. ఇంటూలన్నీ ఒక వరసలో నిలబడి ఆమెనే చూస్తున్నట్టనిపించింది.

"ఓరి దేవుడా, ఎంత బిగుతుగా కుట్టినానే" అంది అవ్వ. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. విన్నది కంప్యూటరు ఒక్కటే.

కోటు విప్పాలంటే వెనక వైర్లన్నీ లాగి, మళ్లీ ఒక్కొక్కటే తగిలించాలి. గడియారం తొమ్మిదీ నలభై ఎనిమిది. అవ్వ మిషను సొరుగులోంచి కత్తెర తీసింది. పట్టు దారం, లిల్లీ పూలు, మూడు రోజుల కళ్ల నొప్పి ఒక్కసారి గుర్తొచ్చాయి. కత్తెర మొన కాజాలో పెట్టి కరకరమని పైకీ కిందికీ కత్తిరించింది. బటన్ టక్కుమని బయటికి దూకింది. ఊపిరి బిగబట్టి మళ్లీ నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు. ఆరు. తెర మీద వెలుగు వచ్చింది.

"అమ్మే డెబోరా! పరిగెత్తు! లేచింది!"

డెబోరా తడి మొహంతోనే పరిగెత్తుకొచ్చింది. తెరను చూసింది, చీలిన కోటును చూసింది, అవ్వ చేతిలో కత్తెరను చూసింది. అడగడానికి వ్యవధి లేదు. కూర్చొని తలుపు వేయమంది. అవ్వ బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగేసరికి సుశీల్ కుమార్, రూఫస్ వచ్చారు.

"శబ్దం చేయబాకండి. పరీక్ష రాస్తా ఉండాది" అంది అవ్వ, కత్తెర చీర మడతలో దాచుకుంటూ.

రూఫస్ నమ్మలేక కిటికీ సందులోంచి తొంగి చూశాడు. ఆ పెట్టెను అతను పదిసార్లు చూశాడు గాని బట్టలతో చూడటం ఇదే మొదటిసారి. చాలాసేపు చూశాడు. కాజా దగ్గర చీలిక కూడా చూశాడు. మెల్లగా అవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, నా దగ్గరికి ఎప్పుడూ ఇది ఒంటి మీద నూలుపోగు లేకుండానే వచ్చేది గదా. మరి ఇంట్లో..."

అవ్వ అతన్ని పైనుంచి కిందికి, హజరత్తయ్యను చూసిన చూపే చూసింది.

"ఈ మధ్య అది కాస్త లావెక్కిందబ్బయా. అంతే. నీ చొక్కా కూడా భుజాల కాడ పట్టేసినట్టుండాదే?"

రూఫస్ భుజాలు తడుముకున్నాడు.

పరీక్ష రెండు గంటలు జరిగింది. అంతసేపూ అవ్వ గడప మీద కాపలా కూర్చొని, వీధిలో చేపలమ్మే ఆమెను కూడా కేక వేయనివ్వలేదు. పది రోజుల తరువాత ఉద్యోగం వచ్చినట్టు కబురొచ్చింది. డెబోరా ముందు సుశీల్ కుమార్‌కు కాదు, వంటింట్లో అవ్వకు చెప్పింది. అవ్వ పులుసు కలుపుతూనే విని, గరిట పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగ అంది. గ్యాస్ పొయ్యికి పొగ ఎక్కడిదని డెబోరా అడగలేదు.

"అమ్మే" అంది అవ్వ, పులుసు గిన్నెకేసి చూస్తూ. "ఆ శనివారం కరెంటు పోలా. నేనే ఆపినా. ఆ కోటు... ఆ కాజా కొలత..."

మాట అక్కడ ఇరుక్కుంది. లోపలికి పోయింది, బయటికి రాదు. డెబోరా పొయ్యి మంట తగ్గించి, అత్త భుజం మీద చెయ్యి వేసింది.

"కొలత సరిగానే ఉండింది అత్తా" అంది. "అదే లావెక్కింది."

అవ్వ కోడలిని ఒక్క క్షణం అనుమానంగా చూసింది. తరువాత గరిట తీసుకొని, "నేను చెప్పలా?" అంది.

ఆ శనివారం కోటుకు కొత్త కాజా పడింది, కోడిగుడ్డు దూరేంత వెడల్పుగా. గంజి మాత్రం మామూలే.